ఎరుపు తీగ, పసుపు తీగ

మా మేనల్లుడు పోయిన నెలలో ఒక పాత ఆల్టో కారు కొన్నాడు. కారు బాగానే ఉంది గానీ అందులోని స్టీరియో మూగబోయింది. కొత్తది కొని, విప్పని అట్టపెట్టెతో సహా మా ఇంటికి తీసుకువచ్చి, "మావయ్యా, దీన్ని నేనే బిగించుకోనా, లేక షాపువాడి చేత బిగించమంటావా?" అని అడిగాడు. ఉద్యోగంలో చేరి ఏడాదైనా నిండని కుర్రవాడు. అవునో కాదో ఒక్క మాటలో చెబుతానని అనుకొని ఉంటాడు. నేను చెప్పలేకపోయాను. ఆదివారం రమ్మన్నాను. వాడు వెళ్ళిపోయాక చాలాసేపు ఆ పెట్టె మీద అచ్చువేసిన తీగల రంగులను చూస్తూ కూర్చున్నాను. వాడికి చెప్పవలసిన సమాధానం చిన్నదే. దాని వెనకాల ఉన్న కథే కాస్త పెద్దది. ఇక్కడ రాసుకుంటే తప్ప నాకు తెమలదు.

2001 చివరిలో మేము అమెరికాలో, డెట్రాయిట్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆ రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. కంప్యూటరు ఉద్యోగాలు ఎండుటాకుల్లా రాలిపోతున్న కాలం. నా కాంట్రాక్టు అక్టోబరులో ముగిసింది. మరొకటి డిసెంబరుకు గాని దొరకలేదు. మా ఆవిడకు నెలలు నిండుతున్నాయి. మాకున్నది 1993 నాటి ఒక టొయోటా కరోలా. దానిలోని క్యాసెట్ ప్లేయరుకు ఒక దురలవాటు ఉండేది. ఇష్టమైన క్యాసెట్టు పెడితే రెండో పాటలో దాని టేపును నమిలి మింగేసేది. మా అత్తగారు స్వయంగా పాడి, రికార్డు చేసి పంపిన మంగళహారతుల క్యాసెట్టును కూడా అలాగే మింగింది. పెన్సిలుతో తిప్పి తిప్పి కొంత బయటికి లాగాము గానీ, ముడతలు పడిన టేపులో నుండి ఆవిడ గొంతు నీటి అడుగు నుండి వస్తున్నట్టు వినిపించేది. ఆ సాయంత్రం మా ఆవిడ ఏడ్చింది. క్యాసెట్టు ఒక్కదాని కోసమే కాదని నాకూ తెలుసు.

సరిగ్గా అప్పుడే దేశానికి తిరిగి వెళ్ళిపోతున్న మిత్రుడొకడు, తాను కొని విప్పకుండా ఉంచుకున్న స్టీరియోను నాకు 60 డాలర్లకు ఇచ్చాడు. ఎమ్పీత్రీ సీడీలు పాడే రకం. ఒక్క సీడీలో నూట యాభై పాటలు పట్టేవి. పైగా టేపు నమలదు! దాన్ని పట్టుకొని, కార్లకు పాటలు బిగించే ఒక దుకాణానికి వెళ్ళాను. కూలి 60 డాలర్లు, ముఖానికి అమర్చే చట్రానికి, తీగల జోడింపు ముక్కకు మరో 30 డాలర్లు అన్నారు. గుర్రం కంటే జీను ఖరీదు ఎక్కువైంది. "నేనే బిగించుకుంటాను" అని వచ్చేశాను.

డబ్బు ఒక కారణం. రెండోది చెప్పుకోవటానికి ఇప్పటికీ కొంచెం సిగ్గుగా ఉంటుంది. నా దగ్గర ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు పట్టా ఉంది. నాలుగు తీగలు కలపటానికి ఇంకొకడికి తొంభై డాలర్లు ఇవ్వటమా అన్న పొగరు. మరి ఆ నాలుగు తీగలు కలపటమే జీవితమంతా పనిగా చేసిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడన్న సంగతి నాకు ఆ రోజున గుర్తుకే రాలేదు.

మా నాన్న విజయవాడలో టెలిఫోను శాఖలో కేబుల్ జాయింటరుగా పనిచేశాడు. రోడ్డు తవ్వి, గుంటలో కూర్చొని, తెగిన కేబులు లోపలి వందలాది తీగలను ఒక్కొక్కటిగా వెతికి కలిపే పని. పాత రోజుల్లో కాగితం చుట్టిన తీగలు, పైన సీసపు తొడుగు. చెమ్మ తగిలితే కాగితం పాడవుతుంది కనుక, మరిగించిన మైనం పోసి ఆరబెట్టి, ఆపైన కరిగిన సీసంతో మూత వేసేవారు. తరవాత ప్లాస్టిక్ తొడుగుల జెల్లీ కేబుళ్ళు వచ్చాయి. వాటిలో తీగలకు రంగుల లెక్క ఉంటుంది. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, పలక ఒక వరస. తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా మరో వరస. అయిదయిదులు ఇరవయ్యయిదు జతలు. నాన్న అన్నం తింటూ కూడా ఆ రంగులను గొణుక్కునేవాడు. ఆయన గోళ్ళ సందుల్లో నల్లటి జిగురు ఎప్పుడూ ఉండేది. స్కూలు దరఖాస్తుల్లో "తండ్రి వృత్తి" అన్న చోట నేను "టెలిఫోను శాఖ ఉద్యోగి" అని రాసేవాణ్ణి. జాయింటరు అని ఒక్కసారి కూడా రాయలేదు. అబద్ధమేమీ కాదు. నిజమూ కాదు.

సరే, నా పనితనం దగ్గరికి వద్దాం. డిసెంబరులో ఒక శనివారం, చేతులు కొంకర్లు పోతుండగా, అపార్టుమెంటు ముందు కారు ఆపి పని మొదలుపెట్టాను. స్టీరియోల సైజు విషయంలో ప్రపంచమంతా ఒక ఒప్పందానికి వచ్చి ఉండటం మన అదృష్టం. జర్మన్ ప్రమాణం పేరు మీద "డిన్" అంటారు. సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. ఎత్తు రెట్టింపయితే డబుల్ డిన్. కాబట్టి పెట్టె పెట్టెలో పట్టడం కష్టం కాదు. కష్టమంతా దాని వెనకాల ఉన్న తీగలది.

కొత్త స్టీరియో వెనక తీగలకూ ఒక ఆనవాయితీ ఉంది. పసుపు రంగు తీగ బ్యాటరీ నుండి ఎప్పుడూ కరెంటు వచ్చే దారి. గడియారమూ, మీరు దాచుకున్న స్టేషన్లూ దాని పుణ్యాన గుర్తుంటాయి. ఎరుపు తీగ తాళం చెవి తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే దారి. స్టీరియోకు మెలకువ తెప్పించేదీ, నిద్రపుచ్చేదీ అదే. నలుపు కారు శరీరానికి, అంటే భూమికి. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా జతలు నాలుగు స్పీకర్లకు. ఇదంతా స్టీరియో తయారీదారుల భాష. కారు తయారీదారుల భాష వేరు. మా కరోలాలో ఎప్పుడూ కరెంటుండే తీగ నీలం మీద పసుపు చారది. తాళంతో కరెంటు వచ్చేది బూడిదరంగుది. అదే బూడిదరంగుకు స్టీరియో భాషలో ముందువైపు కుడి స్పీకరు అని అర్థం. ఈ రెండు భాషలకూ మధ్య దుబాసీగా ఉండటానికే ఆ జోడింపు ముక్కను అమ్ముతారు. దాని ఒక కొస కారు ప్లగ్గులో దిగుతుంది, రెండో కొసలో స్టీరియో రంగులు ఉంటాయి. నేను దాన్ని కొనలేదు. కారు ప్లగ్గులను కత్తిరించేశాను.

స్పీకర్ల తీగలను బాగానే కనిపెట్టాను. ఒకటిన్నర వోల్టుల చిన్న సెల్లును ఒక జతకు తాకిస్తే ఆ స్పీకరు "టప్పు" మంటుంది. అలా నాలుగు జతలూ దొరికాయి. మీటరు పెట్టి చూస్తే ఎప్పుడూ 12 వోల్టులుండే తీగ దొరికింది. ఇంక ఒక బూడిదరంగు తీగ మిగిలిపోయింది. కాగితంలో బూడిదరంగంటే స్పీకరని ఉంది కదా, నాలుగు స్పీకర్లూ మోగుతున్నాయి కనుక ఇది అనవసరపు తీగ అయి ఉంటుందని తేల్చి, టేపు చుట్టి లోపలికి నెట్టేశాను. తాళం చెవి తిప్పి దాన్నొకసారి మీటరుతో ముట్టుకొని ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. చలి, చీకటి పడుతోంది, పైనుండి మా ఆవిడ భోజనానికి పిలుస్తోంది. ఎరుపు తీగకు జోడు దొరకలేదు. దొరకకపోతేనేం, దాన్ని కూడా పసుపుతో పాటే మెలిపెట్టేశాను. స్టీరియో వెలిగింది. ఘంటసాల గొంతు కారు నిండా పరుచుకుంది. మా ఆవిడను కిందికి పిలిచి కూర్చోబెట్టి మూడు పాటలు వినిపించాను. ఆవిడ నవ్వింది. తొంభై డాలర్లు మిగిలాయి.

ఎరుపును, పసుపును కలిపేస్తే ఏమవుతుందో నాకు తెలియక కాదు. తాళం తీసినా స్టీరియో ఆరదు, మనమే మీట నొక్కి ఆపాలి. అంతే కదా, ఆపుకుంటాం అనుకున్నాను. మనిషి గుర్తుంచుకుంటాడులే అని తీగ చెయ్యవలసిన పనిని మనిషికి అప్పగించాను.

జనవరిలో ఒక మంగళవారం ఉదయం మా ఆవిడను పరీక్షకు తీసుకువెళ్ళి పదకొండు గంటలకు ఇంటికి వచ్చాము. దారిలో ఫోను వచ్చిందని పాట గొంతు పూర్తిగా తగ్గించాను. ఇంటికి చేరాక తాళం తీసి, ఆవిడ చెయ్యి పట్టుకొని జాగ్రత్తగా మెట్లెక్కించాను. ఆ మధ్యాహ్నం నుండి మంచు మొదలైంది. బుధవారమంతా కురిసింది. కారు అద్దాల మీద జానెడు మంచు పేరుకుంది. లోపల ఆ నీలిరంగు అంకె, సున్నా, వెలుగుతూనే ఉందన్న సంగతి ఎవరికీ కనిపించలేదు.

గురువారం తెల్లవారుజామున మూడు గంటలకు మా ఆవిడ నన్ను లేపింది. నొప్పులు ఎనిమిది నిమిషాలకొకసారి వస్తున్నాయి. సంచీ ముందే సర్ది ఉంది. కిందికి పరుగెత్తి, చేత్తోనే మంచు దులిపి, తలుపు లాగి తాళం తిప్పాను. టిక్కు. మళ్ళీ తిప్పాను. టిక్కు టిక్కు. స్టీరియో ముఖం మీద సున్నా మసకగా ఒక్కసారి కనిపించి ఆరిపోయింది. ఆ సున్నాను చూసిన క్షణంలోనే నాకు మొత్తం అర్థమైపోయింది. బూడిదరంగు తీగతో సహా.

కింది వాటాలో ఒక ముసలాయన ఒంటరిగా ఉండేవాడు. కార్ల కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. అంతకుముందు ఆయనతో నేను మాట్లాడినవి పది మాటలుంటాయేమో. తలుపు కొట్టాను. ఆయన నా ముఖం చూసి ఏమీ అడగకుండా కోటు వేసుకున్నాడు. "మీ కారుకు తీగలు తగిలించి నా కారు లేపగలమా?" అని నేను అడుగుతుంటే, "ముందు అమ్మాయి, తరవాత కారు" అన్నాడు. తన ట్రక్కులోనే మమ్మల్ని ఆసుపత్రికి చేర్చాడు. దారి పొడుగునా మా ఆవిడ నా చెయ్యి నలిపేస్తూనే ఉంది. మాట మాత్రం ఒక్కటీ అనలేదు. ఏదైనా అంటే బాగుండునని నాకు అనిపించింది. ఆ మధ్యాహ్నం పన్నెండింటికి ముందే మాకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. ఆ క్షేమంలో నా ప్రమేయం ఏమీ లేదు.

తరవాత లెక్క వేసుకున్నాను. ఇంజనీరును కదా, లెక్కలు ఎప్పుడూ తరవాతే వేస్తాను. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, మధ్యలో మీటరు పెట్టి కొలిస్తే, గొంతు సున్నాలో ఉన్నా స్టీరియో 0.8 ఆంపియర్లు తాగుతోంది. మంగళవారం పదకొండు నుండి గురువారం మూడింటి వరకు నలభై గంటలు. నలభైని 0.8తో హెచ్చిస్తే 32 ఆంపియర్ గంటలు. కొత్తగా ఉన్నప్పుడు యాభై చిల్లర ఉండే చిన్న కారు బ్యాటరీ, అప్పటికే ముసలిది. సున్నాకు దిగువన పదిహేను డిగ్రీల చలి దాని శక్తిని మరింత కోసేస్తుంది. పైగా ఆ చలిలో ఇంజను నూనె చిక్కబడి, తిప్పటానికి మామూలు కంటే ఎక్కువ బలం కావాలి. ఇన్ని కలిసి ఒక్క రాత్రి కోసం ఎదురుచూశాయి.

మరుసటి వారం సిగ్గు విడిచి మొదటి దుకాణానికే వెళ్ళాను. చేతి నిండా పచ్చబొట్లున్న కుర్రవాడు స్టీరియో బయటికి లాగి, నా మెలికలను చూసి, నవ్వలేదు. నేను టేపు చుట్టి దాచిన బూడిదరంగు తీగను బయటికి తీసి, పరీక్ష దీపం తగిలించి, నన్ను తాళం తిప్పమన్నాడు. దీపం వెలిగింది. తియ్యమన్నాడు. ఆరింది. మళ్ళీ ఒకసారి చేయించాడు. నాకు చూపించటానికే చేయించాడని తరవాత అర్థమైంది. ప్లగ్గులు కత్తిరించి పారేశాను కనుక ఒక్కొక్క తీగనూ విడిగా లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించాడు. మొత్తం పని నలభై నిమిషాలు, 95 డాలర్లు. మొదటే ఇచ్చి ఉంటే తొంభైతో పోయేది.

అప్పట్లో ఫోను కార్డులు గీకి, ఇరవై అంకెలు నొక్కి ఇంటికి మాట్లాడేవాళ్ళం. మనవరాలి ముక్కు ఎవరిదో, జుట్టు ఎవరిదో అమ్మ తేల్చేశాక, నాన్న అందుకున్నాడు. కారు సంగతంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని నాకు కంగారు. చివరికి అన్నాడు: "పాట మొదలవటం చూసుకున్నావు గానీ, ఆగటం చూసుకోలేదురా." ఆపైన, "జాయింటు ఎలా వేశావు?" అని అడిగాడు. మెలిపెట్టి టేపు చుట్టానన్నాను. "ఊఁ" అన్నాడు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

బయటివాడి చేత చేయిస్తే చాలు, అన్నీ సవ్యంగా ఉంటాయని దీని నీతి అనుకుంటే అది సగమే. మిగతా సగం నాకు విజయవాడలో తెలిసింది.

2008లో మేము హైదరాబాదుకు తిరిగి వచ్చేశాము. మరుసటి వేసవిలో, నాన్న కొనుక్కున్న సెకండ్ హ్యాండ్ మారుతి 800లో స్టీరియో పెట్టించాలని ఆయన్ను వెంటబెట్టుకొని ఆటోనగర్ వెళ్ళాను. ఆయనకు అప్పటికే చేతులు కొద్దిగా వణికేవి. "మనమే పెట్టుకుందాం, నేను పక్కనుండి చెబుతాను" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. డెట్రాయిట్ జనవరి నాకింకా ఆరలేదు.

చెట్టు కింద రేకుల షెడ్డు. ఇరవై ఏళ్ళుంటాయేమో కుర్రవాడికి. పట్టా లేదు, జోడింపు ముక్కలు లేవు, కాగితం చూడటం అసలే లేదు. కానీ ఆ చేతివేగం చూసి తీరాలి. డాష్‌బోర్డు మరలు విప్పటం, ఒక్క ప్లాస్టిక్ కొక్కెం విరగకుండా చట్రాన్ని ఇవతలికి తీయటం, పరీక్ష దీపం పళ్ళ మధ్య పట్టుకొని తాళంతో వచ్చే తీగను వెతకటం, అన్నీ కలిపి రెండు నిమిషాలు. నేను చలిలో మూడు గంటలు వెతికి దొరకదనుకున్న తీగ అది. వేయి కార్లు విప్పిన చేతికి ఏ కారులో ఏది ఎక్కడుంటుందో తెలుస్తుంది. మనం డబ్బు ఇచ్చేది ఆ వేయి కార్లకు.

తరవాత అతను తీగ తొక్కును పళ్ళతో లాగి, రెండు కొసలు మెలిపెట్టి, నల్లటి టేపు చుట్టాడు. అచ్చంగా నేను చేసినట్టే.

స్టూలు మీద కూర్చొని చూస్తున్న నాన్న లేచాడు. "బాబూ, ఆ జాయింటు ఒకసారి విప్పు" అన్నాడు. కుర్రవాడు నా వైపు చూశాడు. నేను ఏం చెప్పాలో తెలియక నిలబడ్డాను. నాన్న జేబులో నుండి చిన్న చాకు తీశాడు. విజయవాడ ఎండల్లో ఈ టేపు జిగురు ఒక్క వేసవికి కారిపోతుందనీ, కారు కుదుపులకు మెలిక వదులవుతుందనీ, వదులైన చోట వేడెక్కుతుందనీ, ఒక్క పోగు ఇనుముకు తగిలినా ఫ్యూజు పోవాలి గానీ, ఆ ఫ్యూజు స్థానంలో మీ వాళ్ళెవరో రాగితీగ పెట్టి ఉంటే డాష్‌బోర్డే అంటుకుంటుందనీ, కేకలేమీ లేకుండా చెప్పుకుపోయాడు. తొక్కు గీసి, ముందు తొక్కుల మీదే రెండు మెలికలు వేసి, ఆ తరవాత రాగిని మెలిపెట్టి, మడిచి, గొట్టం తొడిగి చూపించాడు. లాగుడంతా తొక్కు మీద పడుతుంది, రాగి మీద పడదు. అది మెలిపెడుతున్నంతసేపూ ఆయన చేతులు వణకలేదు. నేను చూస్తూనే ఉన్నాను. వణకలేదు.

కుర్రవాడు దాన్ని లాగి చూశాడు. రాలేదు. "బాబాయ్, మీరు ఎక్కడ చేశారు పని?" అని అడిగాడు. "భూమి లోపల" అన్నాడు నాన్న. అతనికి అర్థం కాలేదు. నా వైపు తిరిగాడు. "టెలిఫోన్సులో కేబుల్ జాయింటరు. ముప్ఫై రెండేళ్ళు" అన్నాను. ఆ మాట నా నోటితో ఇంకొకరికి చెప్పటం అదే మొదటిసారి అనుకుంటాను. నాన్న నా వైపు చూడలేదు. చాకు మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు.

మిగిలిన తీగలన్నీ ఆ కుర్రవాడే అదే పద్ధతిలో కలిపాడు. రెండుసార్లు తప్పు చేసి, నాన్నను అడిగి దిద్దుకున్నాడు. రెండువందల రూపాయలు తీసుకున్నాడు. టీ మాత్రం అతనే తెప్పించాడు. బయలుదేరే ముందు నాన్న స్టీరియో వేసి, తాళం తీసేసి, దీపం ఆరేవరకు చూసి, మళ్ళీ వేసి, మళ్ళీ తీశాడు. రెండుసార్లు.

ఇప్పుడు మా మేనల్లుడి ప్రశ్నకు వద్దాం. అసలు ఈ ప్రశ్న కారు రేడియోతోనే పుట్టింది. 1930లో షికాగోలో గాల్విన్ సోదరులు "మోటరోలా" పేరుతో కారు రేడియో అమ్మటం మొదలుపెట్టినప్పుడు, దాన్ని కారులో బిగించటం కొనటం కంటే పెద్ద పని. 1974లో వర్జీనియాలో బిల్ క్రచ్‌ఫీల్డ్ అనే ఆయన తన పాత పోర్షా కారుకు స్టీరియో పెట్టుకోవటం ఎలాగో చెప్పేవాడు దొరక్క, తల్లి ఇంటి నేలమాళిగలో నుండి టపా ద్వారా కారు స్టీరియోలు అమ్మే వ్యాపారమే పెట్టాడు. నా సమాధానం ఇదీ.

ఆ కారుకు సరిపడే జోడింపు ముక్క, కప్లర్ అంటారు మనవాళ్ళు, బజారులో దొరికితే నీవే బిగించుకో. కారు తీగ ఒక్కటి కూడా కత్తిరించనక్కర లేదు. రేపు పాతది మళ్ళీ పెట్టాలన్నా ప్లగ్గు మార్చుకోవటమే. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పు. స్పీకరు నెగటివ్‌లను కారు శరీరానికి కలపకు. ఇప్పటి స్టీరియోలు స్పీకరు రెండు తీగలనూ నడుపుతాయి, ఒకదాన్ని భూమికి కలిపితే లోపలి ఆంప్లిఫయరు కాలుతుంది. తాళంతో పనిలేకుండా స్టీరియో వెలుగుతుంటే పని పూర్తి కానట్టే. తాళం తీయగానే దాచుకున్న స్టేషన్లు మరిచిపోతుంటే పసుపు, ఎరుపు తారుమారైనట్టు. పెట్టె మీద "50 వాట్లు, నాలుగు" అని చూసి మురిసిపోకు. వెనకనున్న ఫ్యూజు చూడు, పది ఆంపియర్లు. 14.4 వోల్టులతో హెచ్చిస్తే 144 వాట్లు. లోపలికి వెళ్ళేదే 144 అయితే బయటికి 200 ఎక్కడి నుండి వస్తాయి? నిలకడగా వచ్చేది స్పీకరుకు ఇరవై వాట్లకు అటూ ఇటూ. కారులో అదే ఎక్కువ.

కొత్త కారయితే, స్టీరింగు మీద మీటలుంటే, వెనక కెమెరా ఉంటే, తీగల్లో కరెంటుకు బదులు సంకేతాలు నడిచే రకమయితే, తెలిసినవాడి దగ్గరికే వెళ్ళు. వారంటీ కాగితం ముందే చదువుకో. డాష్‌బోర్డు లోపల పసుపు తొడుగులున్న తీగలు కనిపిస్తే అవి ఎయిర్ బ్యాగులవి. మీటరు కూడా పెట్టకు. షాపుకు వెళ్ళినా, ఫోను చూసుకుంటూ బయట కూర్చోకు. పక్కన నిలబడు. పళ్ళతో తొక్కు లాగుతుంటే కప్లర్ కావాలని అడుగు. అతనికి తెలిసినవి నేర్చుకో, అతనికి తెలియనివి మర్యాదగా చెప్పు. డబ్బు తగ్గించమని మాత్రం పీడించకు.

నాన్న 2014లో పోయాడు. ఆ మారుతిని అంతకుముందే అమ్మేశాము. చాకు నా దగ్గర ఉంది.

మొన్న ఆదివారం మేనల్లుడు వచ్చాడు. కప్లర్ కొని తెచ్చుకున్నాడు. వాడే బిగించాడు, నేను స్టూలు వేసుకొని కూర్చున్నాను. గంటన్నర పట్టింది. ఒక మర పోగొట్టాడు. పాట వచ్చింది. వాడు ఎగిరి గంతేసి మా అమ్మాయికి ఫోను చేసి వినిపించాడు. ఆ జనవరి గురువారం పుట్టిన పిల్లే. ఇప్పుడు దూరాన ఉద్యోగం చేస్తోంది. ఫోనులో దాని నవ్వు వినిపించింది.

"ఇంక అయిపోయింది కదా మావయ్యా, లోపలికి వెళదామా?" అన్నాడు.

"తాళం తియ్యి" అన్నాను. తీశాడు. దీపం ఆరింది.

"ఇంకోసారి."